బొగ్గు సెస్సు ఏ ఖాతాకు జమ అయింది?

కోల్డు స్టోరేజీ అద్దె పెంచవలసి వచ్చినప్పుడల్లా యజమానులు ముందుగా తీసి చూపించేది కరెంటు బిల్లు. జిన్నింగు మిల్లుల వారూ, రైసు మిల్లర్లూ, నూనె మిల్లుల వారూ చెప్పేది కూడా అదే. గుంటూరులో మిర్చి స్టాకు పెట్టిన వ్యాపారి బస్తాకు సీజను అద్దె ఎంత పడుతుందో, పెట్టుబడి మీద వడ్డీ ఎంత పడుతుందో లెక్కవేసుకొని, ఆ రెండింటినీ కలిపి మరీ అమ్మకం ధర చెబుతాడు. కరెంటు బిల్లులో డిమాండు చార్జీ, యూనిట్ల చార్జీ, సుంకం, ఇంధన సర్దుబాటు, ఈమధ్య అందరి నోళ్లలో నానుతున్న ట్రూ అప్ చార్జీ అన్నీ విడివిడిగా ఉంటాయి. కాని చాలా ఏళ్లపాటు వర్తకుడు కట్టిన ఒక పన్ను మాత్రం ఆ కాగితం మీద ఎక్కడా కనిపించలేదు. అది బొగ్గు మీద వేసిన సెస్సు.

దేశంలో తయారయ్యే విద్యుచ్ఛక్తిలో నాలుగింట ఇంచుమించు మూడు వంతులు బొగ్గుతోనే తయారవుతున్నది. గనిలో టన్నుకు ఒక రూపాయి పెరిగినా అది రైలు ఎక్కి, థర్మల్ కేంద్రం చేరి, తీగల మీదుగా మిల్లు మీటరు దాకా వస్తుంది. మధ్యలో ఎవరూ తమ జేబులోంచి భరించరు. ఈ పన్ను ఎంత, ఎందుకోసం వసూలు చేశారు, వసూలైన సొమ్ము ఎటు పోయింది, దానిని అడగవలసిన పార్లమెంటు ఏం చేసింది అన్నవి బొగ్గు వ్యాపారులకే పరిమితమైన ప్రశ్నలు కావు.

2010-11 బడ్జెట్టులో అప్పటి ఆర్థిక మంత్రి ప్రణబ్ ముఖర్జీ ఈ సెస్సును ప్రతిపాదించారు. ఆ సంవత్సరం జూలై 1 నుంచి టన్నుకు రు. 50 చొప్పున వసూలు మొదలైంది. దేశంలో తవ్విన బొగ్గు మీదా, దిగుమతి అయిన బొగ్గు మీదా, లిగ్నైటు మీదా ఇదే రేటు. పేరు స్వచ్ఛ ఇంధన సెస్సు. ఈ సొమ్ముతో జాతీయ స్వచ్ఛ ఇంధన నిధిని ఏర్పాటుచేసి సౌరశక్తి, పవనశక్తి వంటి వాటికీ, పరిశోధనలకూ ఖర్చు పెడతామన్నారు. బొగ్గు పొగ పెడుతున్నది కాబట్టి ఆ పొగ తగ్గించే ఖర్చును బొగ్గే భరించాలన్నది వాదన. వాదనలో తప్పు లేదు. సభలో దీనికి పెద్దగా అభ్యంతరం రాకపోవడానికీ అదే కారణం కావచ్చు.

తరువాత ప్రభుత్వం మారింది కాని సెస్సు పోలేదు సరికదా, పెరిగింది. 2014 జూలై బడ్జెట్టులో అరుణ్ జైట్లీ దీనిని రు. 100 చేశారు. 2015లో రు. 200, 2016లో రు. 400. ఆరేళ్లలో ఎనిమిది రెట్లు. 2016లో పేరు కూడా మార్చి స్వచ్ఛ పర్యావరణ సెస్సు అన్నారు. ఏ సరుకు మీదనైనా ఆరేళ్లలో పన్ను ఎనిమిది రెట్లయితే బజారులో ఎంత గొడవ జరిగేదో ఊహించవచ్చు. ఇక్కడ అంత గొడవ కాకపోవడానికి కారణం ఒక్కటే. కట్టేవాడికి కట్టినట్టు తెలియదు.

లెక్క చూస్తే ఒక యూనిట్ కరెంటుకు మన దేశపు బొగ్గు ఇంచుమించు 650 గ్రాములు కాలుతుంది. టన్నుకు రు. 50 ఉన్నప్పుడు యూనిట్‌కు పడినది 3 పైసల చిల్లర. రు. 400 అయ్యేసరికి 26 పైసలయింది. నెలకు లక్ష యూనిట్లు వాడే ఒక కోల్డు స్టోరేజీని తీసుకుంటే, అందులో మూడు వంతులు బొగ్గు కరెంటే అనుకున్నా నెలకు రు. 19,500 ఈ ఒక్క పద్దు కిందనే పోతుంది. ఎనిమిది నెలల సీజనుకు లక్షా యాభై ఆరు వేలు. తీగల్లో పోయే కరెంటు నష్టం ఇందులో కలపలేదు. ఈ మొత్తం స్టోరేజీ యజమాని లాభంలోంచి పోయిందని ఎవరూ అనుకోరు. కొంత అద్దె రూపంలో వ్యాపారి మీదా, కొంత ధర రూపంలో రైతు మీదా, మిగిలినది వాడకందారు మీదా పడి ఉంటుంది.

వసూలు సంగతి ఇది. ఖర్చు సంగతి చూడాలి. ప్రభుత్వం వెల్లడించిన లెక్కల ప్రకారం 2010-11 నుంచి 2017-18 వరకు ఈ సెస్సు ద్వారా వచ్చినది రు. 86,440 కోట్లు. అందులో స్వచ్ఛ ఇంధన నిధికి బదిలీ అయినది రు. 29,645 కోట్లు. ఆ నిధి నుంచి పథకాలకు నిజంగా అందినది రు. 15,911 కోట్లు. అంటే నూరు రూపాయలు వసూలుచేస్తే 34 రూపాయలు హుండీ దాకా వచ్చాయి, 18 రూపాయలు పని దాకా వచ్చాయి. ఆ 18 రూపాయల్లోనూ గంగానది శుద్ధి వంటి పనులకు కొంత వెళ్లింది. గంగ శుద్ధి కావద్దని ఎవరూ అనరు. కాని దానిని ఇంధనం కింద చూపడానికి కొంచెం ధైర్యం కావాలి.

వర్తకులకు ఇటువంటి వ్యవహారం కొత్త కాదు. పూర్వం దాదాపు ప్రతి పెద్ద బజారులోనూ బిల్లు చివర ధర్మాదా అని ఒక పద్దు ఉండేది. సరుకు విలువ మీద ఇంత అని కొనేవాడి దగ్గర వసూలుచేసి గుడికీ, సత్రానికీ, గోశాలకూ ఇచ్చేవారు. వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చాక రైతు పట్టీలో ఇటువంటి కోతలు చెల్లకుండా పోయాయి. కాని మిల్లుల మధ్య, పెద్ద వర్తకుల మధ్య వ్యవహారాల్లో చాలాకాలం నడిచింది. ఆ సొమ్ము మీద ఆదాయపు పన్ను వేయవచ్చునా అన్న వివాదం సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన బిజిలీ కాటన్ మిల్స్ కేసులో, 1979 లా రిపోర్టుల్లో అచ్చయిన తీర్పులో కోర్టు ఇట్లా తేల్చింది. ధర్మాదా పేరిట వసూలైన సొమ్ము వసూలైన క్షణం నుంచే ధర్మకార్యానికి కట్టుబడిన సొమ్ము. అది వర్తకుడి చేతిలో ఉన్నా వర్తకుడిది కాదు. కాబట్టి అతని వ్యాపార ఆదాయంలో కలపరాదు.

ఆ తీర్పు వర్తకుడికి మేలు చేసింది. అదే సమయంలో ఒక బాధ్యత కూడా నెత్తిన పెట్టింది. ధర్మాదా పద్దును విడిగా రాయాలి. ఆవర్జాలో విడి పేజీ ఉండాలి. దుకాణం అవసరానికి అందులోంచి వాడుకుంటే ఆ రక్షణ నిలవదు. అన్ని కొట్లలోనూ ఈ నియమం తు.చ. తప్పకుండా పాటించారని ఎవరూ చెప్పరు. కాని తప్పినవాడిని అడగడానికి ఆదాయపు పన్ను అధికారి ఉన్నాడు. ఢిల్లీలో ధర్మాదా వసూలుచేసి దుకాణం ఖాతాలో కలుపుకున్నప్పుడు అడగవలసిన అధికారి ఎవరు?

రాజ్యాంగం ప్రకారం ఆ అధికారి పార్లమెంటు. సెస్సు సొమ్ము ముందుగా సంచిత నిధికి జమ అవుతుంది. అక్కడినుంచి ప్రత్యేక నిధికి వెళ్లాలంటే పార్లమెంటు ఆమోదించిన వినియోగ చట్టం కావాలి. అంటే పన్ను వేయడానికి ఒకసారి, ఆ సొమ్మును తీసి నిధిలో వేయడానికి మరొకసారి సభ ఒప్పుకోవాలి. మొదటి ఒప్పుదల ప్రతిసారీ దొరికింది. రెండవది ఏ సంవత్సరం ఎంత అడిగారో, ఎందుకు తక్కువ అడిగారో గుచ్చి గుచ్చి ప్రశ్నించే అవకాశం సభ్యులకు ఉన్నది. పైగా సెస్సు సొమ్ములో రాష్ట్రాలకు వాటా లేదు. 270వ అధికరణం కింద మామూలు పన్నులను రాష్ట్రాలతో పంచుకోవాలి గాని సెస్సులను పంచుకోనక్కరలేదు. కాబట్టి పన్ను అనకుండా సెస్సు అన్నప్పుడల్లా దానికి తగిన లెక్క అడగవలసిన బాధ్యత సభ మీద మరింత ఎక్కువ.

అడగడానికి యంత్రాంగం లేక కాదు. 1993లో శాఖల వారీగా 17 స్థాయీ సంఘాలు ఏర్పాటయ్యాయి. 2004లో వాటిని 24కు పెంచారు. ఒక్కొక్క సంఘంలో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులకు ఇందులో చోటులేదు. ఫిబ్రవరి 1న బడ్జెట్టు ప్రవేశపెట్టాక కొన్నాళ్లకు సభలు విరామం తీసుకుంటాయి. ఆ విరామంలో ఈ సంఘాలు కూర్చుని శాఖల పద్దులను పరిశీలిస్తాయి. కార్యదర్శులను పిలిచి ప్రశ్నిస్తాయి. తలుపులు మూసి జరిగే సమావేశాలు కాబట్టి గ్యాలరీ కోసం ఉపన్యాసాలు ఉండవు. పార్టీలు వేరైనా సభ్యులు ఒక మాట మీదకు రావడం ఇక్కడ తరచు జరుగుతుంది. సిఫారసుల మీద ఏ చర్య తీసుకున్నదీ శాఖ మూడు నెలల్లో చెప్పాలి. సిఫారసు పాటించి తీరాలన్న నిర్బంధం మాత్రం లేదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, బొగ్గు సెస్సు ఏ ఒక్క సంఘం చేతికీ పూర్తిగా చిక్కలేదు. సెస్సు వసూలు చేసేది ఆర్థిక శాఖ. దానిని చూసేది ఆర్థిక వ్యవహారాల సంఘం. బొగ్గు తవ్వేది బొగ్గు శాఖ. దానికి వేరే సంఘం. సొమ్ము ఖర్చు పెట్టవలసిన నూతన, పునరుత్పాదక ఇంధన శాఖా, కరెంటు ధరతో సంబంధమున్న విద్యుత్ శాఖా రెండూ ఇంధన సంఘం కిందకు వస్తాయి. గంగ పనులు జలవనరుల సంఘానివి. బొగ్గు మోసుకొచ్చే రైళ్లకు రైల్వే సంఘం. ఇంధన సంఘం తన ముందున్న శాఖను నిధులు ఎందుకు ఖర్చు కాలేదని అడగగలదు. నిధికి రావలసిన సొమ్ము రాకపోతే ఆ శాఖ కార్యదర్శి చేతులు చూపించి ఊరుకుంటాడు. రానిదానికి జవాబు చెప్పవలసిన ఆర్థిక శాఖ కార్యదర్శి మరో గదిలో, మరో సంఘం ముందు, వేరే ప్రశ్నలకు జవాబు చెబుతుంటాడు. ఒకే సరుకుకు గనిలో ఒక పట్టీ, స్టేషనులో ఒక పట్టీ, యార్డులో ఒక పట్టీ రాసి ఏ రెండింటినీ సరిచూడకపోతే తేడా ఎక్కడ వచ్చిందో ఏ గుమాస్తా చెప్పగలడు?

సంఘాల నివేదికలు వచ్చాక సభలో పద్దుల మీద చర్చ జరగాలి. కోత తీర్మానాలు పెట్టే హక్కు సభ్యులకు ఉన్నది. ఒక విధానాన్నే కాదనదలిస్తే పద్దును ఒక రూపాయికి కుదించాలని, ఒక ఫిర్యాదు వినిపించదలిస్తే నూరు రూపాయలు తగ్గించాలని తీర్మానం పెట్టవచ్చు. ఆచరణలో ప్రతి ఏటా నాలుగైదు శాఖల పద్దులే చర్చకు వస్తాయి. గడువు రోజు సాయంత్రం మిగిలినవన్నీ ఒక్కసారిగా ఓటుకు పెట్టి ముగిస్తారు. దీనినే గిలటిన్ అంటారు. పేరు మోటుగా ఉన్నా సరిగ్గానే ఉన్నది. 2018 మార్చిలోనూ, 2023 మార్చిలోనూ ఆ నాలుగైదు శాఖలకు కూడా అవకాశం లేకుండా అన్ని పద్దులూ చర్చ లేకుండానే ఆమోదం పొందాయి.

ఇది ఒక పార్టీకి అంటగట్టవలసిన దోషం కాదు. 2013 ఏప్రిల్ 30ని గుర్తుచేసుకుంటే చాలు. బొగ్గు క్షేత్రాల కేటాయింపు వల్ల కేటాయింపు పొందినవారికి రు. 1.86 లక్షల కోట్ల మేరకు లాభం చేకూరిందని 2012 ఆగస్టులో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక చెప్పింది. దాని మీద సభ నెలల తరబడి అట్టుడికిపోయింది. బొగ్గు, ఉక్కు స్థాయీ సంఘం 1993 నుంచి జరిగిన కేటాయింపుల్లో పారదర్శకత లేదని 2013 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చింది. సంఘం తన పని తాను చేసిందన్నమాట. అదే నెలాఖరున, ఆ బొగ్గు గొడవలోనే, ప్రతిపక్షం వాకౌట్ చేయగా, లోక్‌సభ బడ్జెట్టు పద్దులన్నిటినీ ఫైనాన్స్ బిల్లుతో సహా చర్చ లేకుండా ఆమోదించింది. బొగ్గు కుంభకోణం మీద కోపంతో బొగ్గు సెస్సు లెక్క అడిగే రోజును కూడా వదులుకున్నారు. చివరకు 218 కేటాయింపుల్లో 214ను 2014 సెప్టెంబరులో రద్దు చేసినది సుప్రీం కోర్టు.

సంఘాల శ్రమ వృథా అని అనుకోవడం మాత్రం పొరపాటు. 2018 మార్చిలో విశాఖపట్నం సభ్యులు డాక్టర్ కంభంపాటి హరిబాబు అధ్యక్షతన ఉన్న ఇంధన సంఘం విద్యుత్ రంగంలో మొండి బాకీల మీద ఇచ్చిన నివేదిక ఇందుకు ఉదాహరణ. మొత్తం 40,130 మెగావాట్ల సామర్థ్యం ఉన్న 34 బొగ్గు విద్యుత్ కేంద్రాలు చిక్కుల్లో ఉన్నాయని అందులో లెక్క తేల్చారు. బొగ్గు సరఫరా లేక కొన్ని, కరెంటు కొనే ఒప్పందం లేక కొన్ని, యజమాని పెట్టుబడి చాలక కొన్ని. కట్టిన కేంద్రం తిరగకుండా నిలబడితే బ్యాంకు బాకీ పెరగడమే తప్ప ఎవరికీ లాభం లేదని వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ సంవత్సరం జూలైలో ప్రభుత్వం క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షతన ఉన్నతాధికార సంఘాన్ని వేసి ఆ కేంద్రాల సంగతి చేపట్టింది. ఒకే సంఘం చేతిలో పూర్తి లెక్క ఉన్నప్పుడు ఎంత పని జరుగుతుందో ఇది చూపిస్తున్నది.

బొగ్గు సెస్సు కథ 2017 జూలై 1న మరో మలుపు తిరిగింది. వస్తుసేవల పన్ను వచ్చిన ఆ రోజున స్వచ్ఛ పర్యావరణ సెస్సు రద్దయింది. దాని స్థానంలో టన్నుకు అదే రు. 400 చొప్పున రాష్ట్రాల నష్టపరిహార సెస్సు వచ్చింది. రేటు అదే, సరుకు అదే, కట్టేవాడూ అతడే. కారణం మాత్రం వేరు. సౌరశక్తికి పోవలసిన సొమ్ము రాష్ట్రాల ఆదాయ నష్టం పూడ్చడానికి పోతుందన్నమాట. ఈ మార్పు ఒక చిన్న నోటిఫికేషనంత సులువుగా జరిగిపోయింది. నష్టపోయినది జూన్ 30 రాత్రికి గోడౌనులో సరుకున్న బొగ్గు వర్తకుడు. ఆ స్టాకు మీద పాత సెస్సు కట్టి ఉన్నాడు. అమ్మేటప్పుడు కొత్త సెస్సు కట్టమన్నారు. పాతది మినహాయించాలని మోహిత్ మినరల్స్ కేసులో వాదన జరిగింది. రెండూ వేర్వేరు చట్టాల కింద, వేర్వేరు ప్రయోజనాల కోసం వేసిన పన్నులు కాబట్టి మినహాయింపు కుదరదని 2018 అక్టోబరులో సుప్రీం కోర్టు చెప్పింది. ప్రయోజనాలు వేరని కోర్టు అంత గట్టిగా చెప్పింది కాబట్టే, ఏ ప్రయోజనానికి వసూలైనది ఆ ప్రయోజనానికే పోయిందా అని అడగడానికి కట్టినవారికి మరింత హక్కు ఉన్నది.

ఆ ప్రశ్నకు కూడా జవాబు వచ్చింది. కాస్త ఆలస్యంగా వచ్చింది. 2018-19 ఖాతాల మీద ఆడిటర్ జనరల్ నివేదిక 2020 సెప్టెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చింది. ఆ సంవత్సరం 35 రకాల సెస్సులు, ఇతర లెవీల ద్వారా రు. 2,74,592 కోట్లు వస్తే నిర్ణీత నిధులకు చేరినది రు. 1,64,322 కోట్లు మాత్రమే. మిగిలిన లక్షా పదివేల కోట్ల పైచిలుకు సంచిత నిధిలోనే ఉండిపోయింది. నష్టపరిహార సెస్సులోనే 2017-18, 2018-19 సంవత్సరాలకు కలిపి రు. 47,272 కోట్లు పరిహార నిధికి తక్కువ జమ అయిందనీ, అది చట్టానికి విరుద్ధమనీ నివేదిక చెప్పింది. ముడి చమురు మీద 1974 చట్టం కింద వేస్తున్న సెస్సు కథ ఇంకా విచిత్రం. పదేళ్లలో రు. 1,24,399 కోట్లు వసూలైతే చమురు పరిశ్రమ అభివృద్ధి మండలికి అందులోంచి బదిలీ జరగలేదు.

ప్రభుత్వం వాదన కూడా వినాలి. పరిహార సెస్సు విషయంలో లెక్కలు సరిచూసుకోవడానికి సమయం పట్టిందనీ, దానిని మళ్లింపు అనరాదనీ ఆర్థిక శాఖ అప్పట్లో జవాబిచ్చింది. స్వచ్ఛ ఇంధనం విషయంలో, సౌర, పవన విద్యుత్ పథకాలకు ఇతర పద్దుల కింద కూడా డబ్బు ఇస్తున్నామనీ, నిధిలో వేసినదే లెక్కలోకి తీసుకోవద్దనీ ప్రభుత్వ పక్షాన వాదించేవారు ఉన్నారు. అందులో కొంత నిజముంది. దేశంలో సౌర విద్యుత్తు ఈ పదిహేనేళ్లలో పెరిగిన తీరు చూసినవారు సొమ్మంతా నీళ్లపాలయిందని అనలేరు. కాని ఇది ధర్మాదా సొమ్ము కొట్లో వాడుకొని, మా నాన్నగారు గుడి కట్టించారు కదా అన్నట్టుగా ఉంటుంది. గుడి కట్టించడం నిజమే. ఆ పద్దు వేరు, ఈ పద్దు వేరు. అదీకాక పథకాలకు మామూలు పన్నుల నుంచే ఇవ్వదలిస్తే, రాష్ట్రాలకు వాటా లేని సెస్సును ప్రత్యేకించి వేయవలసిన అవసరమేమిటో చెప్పాలి.

ఇంతకూ ఇప్పుడు ఆ సెస్సు లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి బొగ్గు మీద టన్నుకు రు. 400 పరిహార సెస్సును తీసివేసి, వస్తుసేవల పన్నును 5 శాతం నుంచి 18 శాతానికి పెంచారు. దీనివల్ల ఎవరికి లాభమో లెక్కవేయడం కష్టం కాదు. టన్ను రు. 1,500 ఉన్న నాసి రకం బొగ్గుకు పూర్వం 75 రూపాయల పన్ను, 400 సెస్సు కలిపి 475 పడేది. ఇప్పుడు 270 పడుతుంది. టన్ను రు. 4,000 పలికే మేలు రకానికి పూర్వం 600, ఇప్పుడు 720. టన్ను ధర 3,080 రూపాయల దగ్గర రెండూ ఇంచుమించు సమానం. థర్మల్ కేంద్రాలు ఎక్కువగా వాడేది నాసి రకాలే కాబట్టి వాటికి భారం తగ్గాలి. సున్నం బట్టీలు, ఇటుక బట్టీలు, దిగుమతి బొగ్గు వాడే పరిశ్రమలు తమ రకాన్ని బట్టి చూసుకోవాలి. పరిశ్రమలు ఈ పన్నును తమ అమ్మకం పన్నులో మినహాయించుకోగలవు. విద్యుత్ కేంద్రాలకు ఆ వీలు లేదు. కరెంటు వస్తుసేవల పన్ను పరిధిలో లేదు కనుక బొగ్గు మీద కట్టిన పన్ను మొత్తం కరెంటు ధరలోనే కలుస్తుంది.

ఒక విధంగా చూస్తే కొత్త పద్ధతి నిజాయితీగా ఉన్నది. స్వచ్ఛత అన్న పేరు లేదు, పరిహారం అన్న పేరు లేదు. పన్ను పన్నుగానే ఉన్నది. రాష్ట్రాలకు అందులో భాగం కూడా ఉన్నది. కాని పార్లమెంటు చూపు దృష్ట్యా ఇది మరొక మెట్టు దూరం జరగడమే. పాత సెస్సు రేటు పెంచాలంటే ఆర్థిక మంత్రి సభలో నిలబడి ఫైనాన్స్ బిల్లులో చెప్పవలసి వచ్చేది. ఇప్పుడు రేటును సిఫారసు చేసేది వస్తుసేవల పన్ను మండలి. అందులో కేంద్రానికి మూడో వంతు ఓటు, రాష్ట్రాలకు రెండు వంతులు. నిర్ణయమయ్యాక నోటిఫికేషను వెలువడుతుంది. ఆ తరువాత సభ ముందు ఉంచుతారు. రైలు రవాణా చార్జీల విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. 1924 నుంచి విడిగా ఉన్న రైల్వే బడ్జెట్టు 2017తో సాధారణ బడ్జెట్టులో కలిసిపోయింది. రైళ్లు మోసే సరుకులో బరువును బట్టి సగానికి దగ్గరగా బొగ్గే ఉన్నా, దాని కిరాయి మీద ప్రత్యేకంగా ఒక రోజు మాట్లాడుకునే ఆనవాయితీ పోయింది.

సెస్సులన్నీ పోయాయా అంటే పోలేదు. 2021 ఫిబ్రవరి బడ్జెట్టులో వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు అని మరొకటి వచ్చింది. దిగుమతి పత్తి మీద అప్పుడు వేసిన 10 శాతంలో సగం ఈ సెస్సే. ముడి పామాయిలు మీద 17.5 శాతం, డీజిలు లీటరుకు రు. 4. పత్తి, నూనె వర్తకులకు ఈ అంకెలు కంఠతా వచ్చు. ఆ సొమ్ముతో ఏ ఊళ్లో ఏ గోడౌను లేచిందో కంఠతా వచ్చినవారు ఎవరైనా ఉంటే వారి దగ్గర తెలుసుకోవలసిందే.

ఇందులో వర్తక సంఘాల లోపం కూడా కొంత ఉన్నది. ప్రతి బడ్జెట్టుకు ముందు చాంబర్లు ఆర్థిక మంత్రికి వినతిపత్రాలు పంపుతాయి. ఫలానా పన్ను తగ్గించండి, ఫలానా మినహాయింపు పొడిగించండి అని అడుగుతాయి. స్థాయీ సంఘాలకు రాసేవారు బహుతక్కువ. ముఖ్యమైన విషయాలూ, బిల్లులూ పరిశీలనకు వచ్చినప్పుడు సంఘాలు పత్రికల్లో ప్రకటన ఇచ్చి అభిప్రాయాలు కోరుతాయి. సాధారణంగా రెండు వారాల గడువు ఉంటుంది. అవసరమనుకుంటే పిలిచి సాక్ష్యం కూడా తీసుకుంటాయి. పెద్ద విద్యుత్ కంపెనీలు, బ్యాంకులు అక్కడికి వెళ్లి తమ మాట చెప్పుకుంటున్నాయి. కరెంటు బిల్లు కట్టే మిల్లర్లు, స్టోరేజీల వారు ఆ ప్రకటనలు చదివే అలవాటు చేసుకోలేదు.

బడ్జెట్టు తరువాత విరామంలో ఇంధన సంఘం విద్యుత్, పునరుత్పాదక ఇంధన శాఖల పద్దులు చేపట్టే ముందు పంపడానికి ఒక పేజీ కాగితం చాలు. 2017 జూన్ 30 నాటికి స్వచ్ఛ ఇంధన నిధికి చేరని రు. 56,795 కోట్లు ఏ సంవత్సరం ఏ పద్దు కింద ఖర్చయినట్టు చూపించారు? బొగ్గు మీద 18 శాతం పన్నులో విద్యుత్ కేంద్రాలు మినహాయించుకోలేక కరెంటు ధరలో కలుపుతున్నది ఏటా ఎంత? నాసి రకం బొగ్గు మీద టన్నుకు రెండు వందల రూపాయలు తగ్గిన సంగతి డిస్కముల ఇంధన సర్దుబాటు లెక్కల్లోకి ఏ నెల నుంచి వచ్చింది? మూడవ ప్రశ్నను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ముందు కూడా వేయవచ్చు. అక్కడ బహిరంగ విచారణలు జరుగుతాయి, హాజరైనవారు మాట్లాడనిస్తారు.